యూదులకు ఒక్కటే దేవాలయం

మన తెలుగు క్రైస్తవుల వాడుకలో దేవాలయం అనే మాట చాల బరువు మోస్తుంది. ఆదివారం మనం దివ్యపూజకు వెళ్ళేది దేవాలయానికే. నెల్లూరులో పెన్న ఒడ్డున ఉన్న రంగనాథస్వామి కోవెల కూడ దేవాలయమే. పన్నెండేళ్ళ బాలయేసు బోధకుల నడుమ కూర్చున్నదీ దేవాలయంలోనే. మాట ఒక్కటే కావడంతో మన పిల్లలు, ఒక్కోసారి పెద్దలు కూడ, యూదుల ప్రతి పల్లెలోను ఒక దేవాలయం ఉండేదనీ, దానికొక యాజకుడు ఉండేవాడనీ అనుకొంటారు. మన విచారణల్లాగే అన్నమాట. కాని వాస్తవం దీనికి పూర్తిగా భిన్నం. యూదులకు ఒక్కటే దేవాలయం. అది యెరూషలేములో ఉండేది. నజరేతులోను, కఫర్నాములోను ఉన్నవి ప్రార్థనామందిరాలు.

ఈ తేడా తెలియకపోతే సువార్త సగం అర్థం కాదు. ప్రార్థనామందిరంలో బలిపీఠం లేదు, బలి లేదు. అక్కడ ధర్మశాస్త్రం చదివేవాళ్ళు, వివరించేవాళ్ళు, ప్రార్థించేవాళ్ళు. చదవడానికి యాజకుడే కానక్కరలేదు. అందుకే నజరేతులో వడ్రంగి కుమారుడైన యేసు లేచి యెషయా గ్రంథం చదివితే ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. యెరూషలేము దేవాలయంలో ఐతే ఆయన బలిపీఠం దగ్గర సేవచేయడానికి వీల్లేదు. ఆయన యూదా తెగవాడు. యాజకత్వం లేవి తెగలో అహరోను వంశానిది. హెబ్రీయుల లేఖ యేసు యాజకత్వాన్ని గూర్చి అంత శ్రమపడి వాదించింది ఇందుకే.

సొలోమోను కట్టించిన మొదటి దేవాలయం పొడవు అరవై మూరలు, వెడల్పు ఇరవై, ఎత్తు ముప్పై అని రాజుల మొదటి గ్రంథం చెప్తుంది. అంటే రమారమి తొంభై అడుగుల పొడవు, ముప్పై అడుగుల వెడల్పు. మన విచారణ గుళ్ళలో ఇంతకంటె పెద్దవి చాలానే ఉన్నాయి. ప్రజలు లోపలికి పోయేవాళ్ళు కారు కనుక పెద్ద హాలు అవసరం లేదు. అది దేవునికి ఇల్లు, జనానికి కాదు. జనం బయట ఆవరణంలో, ఎండలో, బలిపీఠం ఎదుట నిలబడేవాళ్ళు. ఈ దేవాలయాన్ని బాబిలోనియా రాజు నెబుకద్నెసరు క్రీ.పూ. 587 ప్రాంతంలో కాల్చివేసాడు. చెరనుండి తిరిగివచ్చినవాళ్ళు క్రీ.పూ. 515లో రెండవ దేవాలయాన్ని ప్రతిష్ఠించుకొన్నారు. గ్రీకు రాజు అంతియోకు దాన్ని అపవిత్రం చేయగా యూదా మక్కబీయుడు క్రీ.పూ. 164లో శుద్ధిచేసాడు. ఈ కథ మన కతోలిక బైబుల్లో మక్కబీయుల గ్రంథాల్లో ఉంది. తీరిక చేసికొని చదవదగింది. ఆ తర్వాత క్రీ.పూ. 20 ప్రాంతంలో హేరోదు ఆ దేవాలయాన్నే తిరిగి మహావైభవంగా కట్టడం మొదలుపెట్టాడు. చుట్టూ గోడలు లేపి, మట్టి నింపి, సుమారు 35 ఎకరాల అరుగు తయారుచేసాడు. యేసు చూచింది ఈ దేవాలయాన్నే.

ఆ అరుగు మీద బయటి భాగంలోకి ఏ జాతివాళ్ళయినా రావచ్చు. లోపలికి పోయేకొద్దీ అడ్డుగోడలు. అన్యజాతివాడు దాటకూడని గోడ ఒకటి, స్త్రీలు ఆగే చోటు ఒకటి, ఆ తర్వాత యూద పురుషులు ఆగే చోటు, దాని ముందు యాజకుల ఆవరణం. అన్యులు ఈ హద్దు దాటితే వాళ్ళ చావుకు వాళ్ళే కారకులని గ్రీకు భాషలో చెక్కిన హెచ్చరిక రాయి ఒకటి 1871లో దొరికింది. ఇప్పుడది ఇస్తాంబులు మ్యూజియంలో ఉంది. పౌలు ఒక గ్రీకువాణ్ణి ఈ గోడ దాటించాడనే అపనిందతోనే అతన్ని పట్టుకొని చంపబోయారు. అపోస్తలుల కార్యాలు 21వ అధ్యాయం చదివేటపుడు ఆ రాయిని గుర్తుచేసికొంటే ఆ గుంపు ఆవేశం మనకు అర్థమౌతుంది.

అన్నిటికంటె లోపల గర్భాలయం. మన చుట్టుపట్ల కోవెలల్లో గర్భగుడిలో మూలవిరాట్టు ఉంటుంది. యెరూషలేములో ఆ గదిలో ఏ ప్రతిమా లేదు. సొలోమోను కాలంలో అక్కడ నిబంధన మందసం ఉండేది. మొదటి దేవాలయం కాలిపోయాక అదీ లేదు. యిర్మీయా దాన్ని ఒక గుహలో దాచాడనే పాత కథనం మక్కబీయుల రెండవ గ్రంథంలో ఉంది. కనుక రెండవ దేవాలయంలో గర్భాలయం ఉత్త గది. సంవత్సరానికి ఒకసారి, ప్రాయశ్చిత్త దినాన, ప్రధానయాజకుడొక్కడే అందులో అడుగుపెట్టేవాడు. క్రీ.పూ. 63లో రోమను సేనాని పొంపే యెరూషలేమును పట్టుకొని, కుతూహలం కొద్దీ ఆ గదిలోకి పోయి చూచాడు. లోపల ఏ దేవతా విగ్రహమూ లేదు. ఆ ఖాళీ గదిని గూర్చి రోమనులు చాలకాలం చెప్పుకొన్నారు. వాళ్ళకు అది వింత. యూదులకు మాత్రం అదే విశ్వాసం. దేవుణ్ణి మలచలేం కనుక ఆ స్థలాన్ని ఆయనకే వదలివేయాలి.

రోజువారీ ఆరాధన

పెద్ద పండుగల సంగతి మనం తరచుగా వింటాం. కాని దేవాలయానికి ప్రాణం రోజువారీ బలి. ప్రతిదినం ఉదయం ఒక గొర్రెపిల్ల, సాయంకాలం ఒక గొర్రెపిల్ల. దానితోపాటు పిండి, ఓలివు నూనె, ద్రాక్షసారాయం, సాంబ్రాణి. నిర్గమకాండం 29, 30 అధ్యాయాల్లో ఈ నియమం కన్పిస్తుంది. యూద రబ్బయిలు క్రీ.శ. 200 ప్రాంతంలో సమకూర్చిన మిష్నా అనే గ్రంథంలో ఈ బలి వివరాలు ఎంతో సూక్ష్మంగా ఉన్నాయి. తెల్లవారుజామున ఒకడు పైకెక్కి తూర్పు తెల్లబడిందా అని చూచేవాడు. వెలుగు దక్షిణాన హెబ్రోనుదాక వ్యాపించిందా అని క్రిందివాళ్ళు అడిగేవాళ్ళు. అప్పుడుగాని గొర్రెపిల్లను తెచ్చేవాళ్ళు కారు. యాజకులు ఎవరి పనేదో చీట్లు వేసికొనేవాళ్ళు. బలి ముగిసాక లేవీయులు ఆ వారానికి చెందిన కీర్తన పాడేవాళ్ళు. ఆదివారానికి ఒకటి, సోమవారానికి ఒకటి, ఇలా ఏడు రోజులకు ఏడు.

యాజకులు 24 వర్గాలు. ఒక్కో వర్గం ఒక్కో వారం సేవచేసేది. స్నాపక యోహాను తండ్రి జెకర్యా అబియా వర్గంవాడు అని లూకా చెప్పడంలో భావం ఇదే. ఆయన ఊళ్ళో మామూలు మనిషి. తన వర్గం వంతు వచ్చినపుడు యెరూషలేము వచ్చాడు. సాంబ్రాణి వేసే చీటి ఆయనకు పడింది. ఎందరో యాజకులకు జీవితకాలంలో ఒక్కసారి కూడ పడని చీటి అది. సరిగ్గా ఆ రోజే దేవదూత కన్పించాడు.

మన తీరంవాళ్ళకు ఇంకొక విషయం చెప్పాలి. లేవీయకాండం 2వ అధ్యాయం ప్రకారం ఏ అర్పణనైనా ఉప్పు లేకుండా బలిపీఠం మీద పెట్టకూడదు. అందుకే దేవాలయంలో ఉప్పు కోసం ప్రత్యేకంగా ఒక గది ఉండేది. బలిపీఠం ఎక్కే ఏటవాలు దారి నెత్తుటితోను నీళ్ళతోను జారుతుంటే దానిమీద కూడ ఉప్పు చల్లేవాళ్ళు. మృతసముద్రం ప్రాంతపు ఉప్పును కూడ వాడేవాళ్ళు. ఇస్కపల్లి మడుల్లో మోకాలి లోతు బురదలో ఉప్పు తీసే కుటుంబాలకు ఈ వచనం ఉపమానంగా కాక పనిగా అర్థమౌతుంది. పాడుకాని వస్తువు ఉప్పు. దేవునితో చేసికొన్న నిబంధన కూడ పాడుకాకూడదు. అందుకే బైబులు ఉప్పు నిబంధన అనే మాట వాడింది.

దూరాన ఉన్నవాళ్ళు

ఇక, అసలు ప్రశ్న ఇది. దేవాలయం ఒక్కటే, అదీ ఒక కొండ మీద. యూదులేమో గలిలయలో, ఐగుప్తులో, బాబిలోనియాలో, రోములో ఉన్నారు. చాలమంది దాన్ని ఏడాదికి ఒకసారి చూడ్డమే కష్టం. కొందరు జీవితంలో ఒక్కసారి కూడ చూడలేదు. మరి ఆ దేవాలయం వాళ్ళ భక్తికి కేంద్రం ఎలా ఐంది?

మొదట్లో ఇలా లేదు. షిలో, బేతేలు లాంటి పలుచోట్ల యిస్రాయేలీయులు బలులర్పించేవాళ్ళు. క్రీ.పూ. 622 ప్రాంతంలో యోషీయా రాజు మిగిలిన గుళ్ళనన్నిటినీ మూయించి బలిని యెరూషలేముకే పరిమితం చేసాడు. పల్లెటూరి మనిషికి ఇది ఎంత ఇబ్బందో ఆలోచించండి. నిన్నటిదాక ఊరి గట్టుమీద అర్పించిన బలికి ఇప్పుడు రోజుల తరబడి నడవాలి. ద్వితీయోపదేశకాండం ఈ ఇబ్బందిని గుర్తించింది. దూరం ఎక్కువైతే దశమభాగం ధాన్యాన్ని, పశువుల్ని ఊళ్ళోనే అమ్మి, సొమ్ము మూటగట్టుకొని వెళ్ళి, అక్కడ కొనుక్కోమని చెప్పింది. దేవాలయం దగ్గర పావురాలు, గొర్రెలు అమ్మేవాళ్ళు ఎందుకున్నారో దీన్నిబట్టి తెలుస్తుంది. మన ప్రసంగాల్లో వాళ్ళనందరినీ దొంగలుగా చిత్రించి ఊరుకొంటాం. నాకు అది న్యాయంగా తోచదు. మరియమాత శుద్ధీకరణకు రెండు పావురాలు అర్పించింది. గొర్రెపిల్లను ఇవ్వలేని పేదవాళ్ళ అర్పణ అది. ఆమె వాటిని ఎక్కడ కొన్నదో సువార్త చెప్పదు. కాని అలా అమ్మేవాళ్ళే లేకపోతే దూరంనుండి వచ్చిన పేద తల్లి ఏమి అర్పించగలదు? యేసు ఆగ్రహించింది ప్రార్థనకు ఉద్దేశించిన చోటు బేరాలతో నిండిపోయినందుకు.

ఏటా మూడు పండుగలకు, అనగా పాస్క, వారాల పండుగ, గుడారాల పండుగలకు, పురుషులు యెరూషలేముకు రావాలి. నజరేతు నుండి యెరూషలేము సుమారు 120 కిలోమీటర్లు. మనకు నెల్లూరు నుండి ఒంగోలు ఎంతో అంత. కాలినడకన మూడు నాలుగు దినాలు. బంధువులు, ఇరుగుపొరుగులు గుంపులుగా కలసి నడిచేవాళ్ళు. బాలయేసు తప్పిపోయిన సంగతి ఒక దినం నడిచాకగాని తల్లిదండ్రులకు తెలియలేదంటే ఆ గుంపు ఎంత పెద్దదో! ఫిబ్రవరిలో గుణదలమాత తిరునాళ్ళకు పిల్లాజెల్లాతో రైలెక్కే మన కుటుంబాలకు ఆ సందడి చెప్పనక్కరలేదు. దారి పొడవునా వాళ్ళు పాడుకొన్న పదిహేను యాత్రాకీర్తనలు 120వ కీర్తన నుండి వరుసగా మన బైబుల్లో ఉన్నాయి.

రాలేనివాళ్ళ కోసం ఇంకో ఏర్పాటు కూడ ఉండేది. ఇది చాలమందికి తెలియదు. యాజకుల్లాగే సామాన్య ప్రజల్ని కూడ 24 భాగాలుగా విభజించారు. తమ వంతు వారంలో కొందరు ప్రతినిధులుగా యెరూషలేము వెళ్ళి బలి దగ్గర నిలబడేవాళ్ళు. వెళ్ళలేనివాళ్ళు అదే వారంలో తమ ఊళ్ళోనే కూడుకొని ఆదికాండంలోని సృష్టికథను రోజుకు కొంత చదివేవాళ్ళు. అక్కడ గొర్రెపిల్ల, ఇక్కడ వాక్యం. వేళ ఒక్కటే. దేవాలయం నిలచి ఉన్న రోజుల్లోనే దూరపు ఊళ్ళో చదువు, ప్రార్థన ఆ బలితో ముడిపడ్డాయన్నమాట. యెరూషలేములోనే దేవాలయానికి దగ్గరగా ప్రార్థనామందిరం కూడ ఉండేది. థియోదొతు అనే యాజకుడు కట్టించిన అలాంటి మందిరపు శిలాశాసనం 1913-14 తవ్వకాల్లో దొరికింది. ధర్మశాస్త్ర పఠనానికి, పరదేశాలనుండి వచ్చినవాళ్ళ బసకు దాన్ని కట్టించినట్లు అందులో ఉంది.

మూడవది పన్ను. ఇరవై ఏళ్ళు దాటిన ప్రతి యూద పురుషుడు ఏటా అర షెకెలు దేవాలయానికి చెల్లించాలి. ధనికుడికీ పేదకూ ఒకే మొత్తం. ఈ సొమ్ముతోనే ప్రతిదినపు గొర్రెపిల్లల్ని కొనేవాళ్ళు. కనుక అది ఎవరో ఒక ధనికుడి బలి కాదు, అందరిదీ. రోము సామ్రాజ్యం నలుమూలల నుండి ఈ బంగారం యెరూషలేము చేరేది. ఆసియా రాష్ట్రపు రోమను అధికారి ఒకడు దాన్ని మధ్యలో పట్టుకొన్నందుకు క్రీ.పూ. 59లో రోములో వ్యాజ్యం నడిచింది. నాటి ప్రసిద్ధ న్యాయవాది సిసెరో ఆ అధికారి పక్షాన వాదించాడు. కఫర్నాములో ఈ పన్ను వసూలు చేసేవాళ్ళు పేతురును అడిగారు. యేసు అతన్ని సముద్రంలో గాలం వేయమన్నాడు. మొదట పడిన చేప నోట దొరికిన నాణెం సరిగ్గా ఇద్దరి పన్నుకు సరిపోయింది. మైపాడు, జువ్వలదిన్నె రేవుల్లో వలలు లాగే మన వాళ్ళకు ఈ సంఘటన నచ్చుతుంది. ఐనా చాలమంది దీన్ని అద్భుతంగా మాత్రమే గుర్తుంచుకొంటారు, ఏ పన్ను అన్నది వదలివేస్తారు. పేతురు కట్టింది రోము రాజుకు కాదు, దేవాలయానికి.

ఆ పన్ను ఏమైంది?

క్రీ.శ. 70లో రోమను సేనాని తీతు యెరూషలేమును ముట్టడించి దేవాలయాన్ని తగలబెట్టించాడు. దీపస్తంభాన్ని రోముకు ఊరేగించారు. ఆ ఊరేగింపును చెక్కిన తోరణం నేటికీ రోములో నిలచి ఉంది. ఇంత జరిగాక కూడ పన్ను రద్దు కాలేదు. చక్రవర్తి వెస్పాసియను దాన్ని రోములోని జూపిటరు దేవత గుడికి మళ్ళించాడు. ఆ గుడి అంతకుముందు ఏడాదే రోమనుల అంతర్యుద్ధంలో కాలిపోయింది. యూదుల సొమ్ము దానికి చేరింది. అదీ ఇరవై ఏళ్ళు దాటిన పురుషులనుండే కాదు, స్త్రీలనుండి, పిల్లలనుండి కూడ వసూలుచేసారు. తమ దేవాలయానికి ఇష్టంగా ఇచ్చిన అర షెకెలును అన్యదేవత గుడికి కట్టవలసిరావడం వాళ్ళకు ఎంత గాయమో!

ఇక్కడ మన నెల్లూరు కథ ఒకటి కలుస్తుంది. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. త్రవ్వి చూస్తే చిన్న హిందూ దేవాలయపు శిథిలాలు, వాటి క్రింద ఒక చిన్న కుండ. కుండలో రోమను బంగారు నాణేలు! రైతు వాటిని పాత బంగారంగా అమ్మివేసాడు. చాలవరకు కరిగిపోయి ఉంటాయి. ఆర్కాటు నవాబు కుమారుడు అమీరుల్ ఉమరా ముప్పైకి పైగా నాణేలు తిరిగి సంపాదించగలిగాడు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన డేవిడ్సన్ ఈ సంగతి ఒక ఉత్తరంలో వ్రాసి ఉంచాడు. వాటిలో ట్రాజను, హేడ్రియను చక్రవర్తుల నాణేలు, ఫౌస్తీనా రాణి నాణేలు ఉన్నాయి. మిరియాలకు, ముత్యాలకు, సన్నని బట్టలకు రోమను వర్తకులు మన దేశంలో బంగారం పోసిన రోజులవి.

ఆ హేడ్రియను ఎవరు? యూదులు ఈనాటికీ శపిస్తూ తలచుకొనే చక్రవర్తి. పాడుపడి ఉన్న యెరూషలేమును ఏలియా కాపితోలినా అనే రోమను నగరంగా మార్చబూనాడు. దేవాలయం ఉన్న చోట జూపిటరుకు గుడి లేపాడని కాస్సియుస్ దియో అనే రోమను చరిత్రకారుడు వ్రాసాడు. క్రీ.శ. 132లో యూదులు బార్ కొక్బా నాయకత్వాన తిరగబడ్డారు. మూడేళ్ళు పోరాడారు. ఆ మూడేళ్ళూ వాళ్ళు రోమను నాణేలమీదనే తమ ముద్ర కొట్టుకొన్నారు. చక్రవర్తి ముఖం చెరిగిపోయి దానిమీద దేవాలయ ముఖద్వారం వచ్చింది. అప్పటికి ఆ దేవాలయం కాలిపోయి అరవై ఏళ్ళు దాటింది. 135లో తిరుగుబాటు అణగిపోయింది. యూదులు యెరూషలేములో అడుగుపెట్టకూడదని ఆజ్ఞ వెలువడింది. ఒక ప్రక్క మన పెన్న ఒడ్డున కుండలో భద్రంగా హేడ్రియను ముఖం, మరో ప్రక్క యూదయలో అదే ముఖాన్ని సుత్తితో చెరిపివేస్తున్న మనుషులు. రెండూ ఒకే కాలపు బంగారం, వెండి.

333లో యెరూషలేమును దర్శించిన ఒక యాత్రికుడు వ్రాసిన మాట కూడ చెప్పుకోవాలి. ఏటా ఒకసారి యూదులు అక్కడికి వచ్చి, ఒక రాతికి నూనె పూసి, బట్టలు చించుకొని, ఏడ్చి వెళ్ళేవాళ్ళట.

బలిపీఠం లేని భక్తి

బలి ఆగిపోతే బలిమీద ఆధారపడిన మతం కూడ ఆగిపోవాలి. ప్రపంచంలో ఎన్నో మతాలు గుడితోపాటే నశించాయి. యూదుల విషయంలో అలా జరగలేదు. యోహనాను బెన్ జక్కాయి అనే రబ్బయి కథ ఒకటి వాళ్ళ గ్రంథాల్లో ఉంది. ఆయన శిష్యుడు దేవాలయ శిథిలాలను చూచి, మన పాపాలకు పరిహారం జరిగే చోటు పోయిందే అని ఏడ్చాడు. గురువు అతన్ని ఓదారుస్తూ, అంతే విలువైన పరిహారం మరొకటి ఉంది, అది దయచూపడం అన్నాడు. దానికి హోషేయ ప్రవక్త 6వ అధ్యాయాన్ని ఆధారంగా చూపాడు. సుంకరుల ఇంట భోజనం చేసినపుడు యేసు పరిసయ్యులకు చూపింది కూడ ఆ హోషేయ వాక్యాన్నే. మనం పరిసయ్యులను కేవలం యేసు శత్రువులుగా తలుస్తాం. కాని ఈ రబ్బయిలు పరిసయ్యుల వారసులే.

వాళ్ళు క్రొత్తగా సృష్టించింది తక్కువ. దూరాన ఉన్న ఊళ్ళు ముందునుండీ చేస్తున్నదే ఇక అందరికీ నియమమైంది. ఉదయం బలి వేళకు ఉదయ ప్రార్థన, సాయంకాలపు బలి వేళకు సాయంకాల ప్రార్థన. ఆ రెండవ ప్రార్థనకు వాళ్ళు నేటికీ వాడే మిన్హా అనే హీబ్రూ పేరుకు అర్పణ అనే అర్థం. లేవీయులు పాడిన దినకీర్తనలు ఉదయ ప్రార్థనలో చేరాయి. ఇంటి బల్ల బలిపీఠమైంది. సబ్బాతు భోజనంలో యూదుడు రొట్టె విరిచి దాన్ని ఉప్పులో అద్దుకొని తింటాడు. బలిపీఠం మీద అర్పణకు ఉప్పు ఉండాలన్న పాత నియమం ఇలా వంటింటికి చేరింది. పాస్క రాత్రి పళ్ళెంలో ఒక ఎముక ఉంచుతారు. తినడానికి కాదు, ఇప్పుడు గొర్రెపిల్ల బలి లేదని గుర్తుకు. పెండ్లిలో వరుడు గాజుగ్లాసును కాలితో పగులగొడతాడు. సంతోషంలో కూడ దేవాలయ నాశనాన్ని మరువకూడదని దీనికి చెప్పే అర్థం. గెరిజీము కొండమీద సమరయులు మాత్రం నేటికీ పాస్కకు గొర్రెపిల్లల్ని బలి ఇస్తూనే ఉన్నారు. బావి దగ్గర సమరయ స్త్రీ యేసుతో ప్రస్తావించిన కొండ అదే.

తొలి క్రైస్తవులు కూడ ఈ ప్రపంచంలోనివాళ్ళే. పేతురు, యోహాను మధ్యాహ్నం మూడు గంటల ప్రార్థనకు దేవాలయానికి వెళ్ళారని అపోస్తలుల కార్యాలు చెప్తుంది. అది సాయంకాలపు గొర్రెపిల్ల వేళ. క్రీస్తు సిలువమీద ప్రాణం విడచిన వేళ కూడ అదే. ఈ పోలికను మన వేదశాస్త్రులు ఎంతో లోతుగా ధ్యానించారు. ఇక్కడ దాన్ని విప్పబోవడం లేదు.

ఒక మాట మాత్రం దాటవేయలేను. దేవాలయం కూలడం యూదులకు దేవుడు వేసిన శిక్ష, అందుకే వాళ్ళు శాపగ్రస్తులై తిరిగారు అని మన గుళ్ళలోను, కుటుంబ ప్రార్థనల్లోను నేటికీ విన్పిస్తుంది. రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన నోస్త్రా ఎతాతే పత్రం ఈ ధోరణిని త్రోసిపుచ్చింది. క్రీస్తు మరణానికి నాటి యూదులందరినీ గాని, నేటి యూదులను గాని నిందించకూడదనీ, వాళ్ళను దేవుడు విడనాడినవాళ్ళుగాను శపించినవాళ్ళుగాను బోధించకూడదనీ స్పష్టంచేసింది. మా పాపాలవల్లే, మాలో మాకున్న ద్వేషంవల్లే దేవాలయం కూలింది అని యూద రబ్బయిలు తామే చెప్పుకొన్నారు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కాని ఇల్లు కాలినవాడు గుండెలు బాదుకొంటూ తప్పు నాదే అనడం వేరు, పొరుగువాడు గోడమీదినుండి అదే మాట అనడం వేరు. యేసు ఐతే ఆ పట్టణాన్ని చూచి కన్నీరు కార్చాడని లూకా వ్రాసాడు. 2000 మార్చి 26న జాన్‌పాల్ పోపుగారు యెరూషలేములో హేరోదు అరుగుకు మిగిలిన పడమటి గోడ దగ్గర నిలచి, యూద ప్రజలను బాధించినందుకు దేవుని క్షమాపణ కోరే ప్రార్థన వ్రాసిన కాగితాన్ని రాళ్ళ సందులో ఉంచారు.

యూదులంటే ఎక్కడో దూరదేశంవాళ్ళని కూడ అనుకోనక్కరలేదు. కొచ్చిలోని పరదేశి ప్రార్థనామందిరం 1568 నాటిది. అంతకంటె దగ్గరగా, మన తీరం వెంట ఉత్తరంగా ఒంగోలు, చీరాల, బాపట్ల దాటి పోతే, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం ఉంది. అక్కడ కొన్ని పదుల తెలుగు కుటుంబాలు యూదమతాన్ని పాటిస్తున్నాయి. వీళ్ళు మాదిగ కుటుంబాలవాళ్ళు. ఇంతకుముందు క్రైస్తవులుగా ఉన్నవాళ్ళు. 1990ల తొలినాళ్ళలో ప్రార్థనామందిరం ఏర్పరచుకొన్నారు. సబ్బాతు పాటిస్తారు, పాస్క జరుపుకొంటారు, హీబ్రూ నేర్చుకొంటారు. తమను బెనె ఎఫ్రాయీము, అనగా ఎఫ్రాయీము సంతతివాళ్ళు, అని పిల్చుకొంటారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీళ్ళ ఊళ్ళో గడిపి, వీళ్ళను గూర్చి 2013లో ఒక గ్రంథం ప్రచురించారు. ఎఫ్రాయీము సంతతి అనేది వాళ్ళు తమను గూర్చి చెప్పుకొనే మాట. దానికి చారిత్రక పత్రాలు అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. నాకు ఆ తగవులో తలదూర్చాలని లేదు.

నన్ను ఆకర్షించింది ఆ పేరు. బైబుల్లో ఎఫ్రాయీము తెగే యెరూషలేము దేవాలయానికి దూరమైన తెగ. సొలోమోను మరణించాక ఉత్తరాది పది తెగలను విడదీసిన యరొబాము ఎఫ్రాయీమువాడే. జనం బలులర్పించడానికి యెరూషలేముకు పోతే వాళ్ళ మనసులు దావీదు వంశంవైపు తిరుగుతాయని భయపడి, అతడు బేతేలులోను దానులోను బంగారు దూడలు నిలిపాడు. అంత దూరం మీరెక్కడ నడుస్తారు అని వాళ్ళ కష్టాన్నే సాకుగా చూపాడు. రాజుల మొదటి గ్రంథం 12వ అధ్యాయంలో ఈ కథ చదవవచ్చు. క్రీ.పూ. 722లో అష్షూరీయులు ఆ రాజ్యాన్ని రూపుమాపారు. ఆ తెగలు చెదరిపోయాయి.

యూదుడు ఏ దేశంలో ఉన్నా యెరూషలేము దిక్కుగా తిరిగి ప్రార్థించాలని నియమం. బాబిలోనియాలో దానియేలు తెరచి ఉంచిన కిటికీలు అటువైపువే. అప్పటికి అక్కడ దేవాలయం లేదు, బూడిద తప్ప. మన కోస్తాకు ఆ దిక్కు పడమర. ఆ నియమం ప్రకారం, ఎఫ్రాయీము పేరు పెట్టుకొన్న తెలుగువాడు ప్రార్థనకు నిలిస్తే, బంగాళాఖాతం అతని వీపువెనుక ఉంటుంది.